చదవాల్సినవాళ్ళు

ఆ ఆసుపత్రిలో ఎవరికైనా కాగితం కావాలంటే కంప్యూటర్లో ప్రింటు కొట్టి, అది ఎక్కడ పడిందో వెతుక్కుంటూ బయల్దేరడం అలవాటు. మూడో అంతస్తు నర్సు డ్యూటీ చార్టు కొడితే అది కింద దుప్పట్ల గదిలో పడేది. ఆ వారం ఎవరికి ఎన్ని దుప్పట్లు తియ్యాలో చూసుకోవాల్సింది ఆ గదిలో మనిషి కాబట్టి. రక్తపరీక్ష రిపోర్టు డాక్టరు బల్లకి పోకుండా ఒక్కోసారి వరండా చివరున్న ప్రింటర్లోంచి వచ్చేది. ఆ పక్కనే బెంచీ మీద రోగి తాలూకు మనిషి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉండేది.

నేల కింది గదిలో ఉన్న సర్వర్ మీద పన్నెండేళ్ళ కిందట ఎక్కించిన సాఫ్ట్‌వేర్ అది. కాగితం ఎవరు పంపారు, ఎక్కడికి పంపారు అన్న పట్టింపు దానికి లేదు. ఎవరు చదవాలో వాళ్ళకి దగ్గర్లో ఉన్న ప్రింటర్లో పడేసేది. ఆ మనిషి ఆసుపత్రిలో లేకపోతే, వచ్చేదాకా కాగితాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకునేది. దీని గురించి ఎవరూ వింతపడేవాళ్ళు కాదు. లిఫ్టు రెండో అంతస్తులో కాసేపు మొరాయిస్తుందని తెలిసినట్టే ఇదీ అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవారు: "ప్రింటరు ఏది పెట్టినా ఒకటే. లిస్టులో మొదటిది పెట్టి కొట్టెయ్."

లిస్టులో మొదటిది సూపరింటెండెంటు గారి గదిలోది. అంటే ఆసుపత్రి మొత్తం పన్నెండేళ్ళుగా ప్రతి కాగితాన్నీ పేరుకి ఆయనకే పంపుతోంది. ఆయన గదిలో పడేవి మాత్రం నెలకి రెండో మూడో. ఆయన చదివి తీరాల్సినవి ఆ ఆసుపత్రిలో అంతకన్నా లేవని ఆ సాఫ్ట్‌వేర్ ఉద్దేశం కాబోలు. ఆయనకది గుచ్చుకునేది. పైగా కిందటేడు ఉద్యోగాలు తీసెయ్యాల్సిన ముప్ఫైమంది జాబితా ఆయన రహస్యంగా కొట్టిస్తే క్యాంటీన్లో టీ గ్లాసుల పక్కన పడింది. ఆ ముప్ఫైమందీ వచ్చి ఆయన గుమ్మం ముందు కూర్చున్నారు. జాబితా వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అప్పట్నుంచీ ఆయన ఆ సాఫ్ట్‌వేర్ మీద పగబట్టాడు.

సర్వర్‌నీ, భవనంలో ఉన్న నలభై ప్రింటర్లనీ చూసుకునే ఆవిడని అందరూ సర్వరమ్మ అంటారు. పొద్దున్న ఎనిమిదిన్నరకి కిందికి దిగి, ఏసీ చలికి ఏడాది పొడుగునా వేసుకునే స్వెట్టరు తొడుక్కుని, ముందు క్యూ చూస్తుంది. క్యూ అంటే ఇంకా బయటికి రాని కాగితాల వరుస. ఎవరు పంపారు, ఎన్నింటికి, ఎన్ని పేజీలు, ఏ ప్రింటరుకి, అంతవరకే తెర మీద కనిపిస్తుంది. లోపలేముందో కనపడదు. ఏ రోజువి ఆ మధ్యాహ్నానికల్లా చాలావరకు బయటికి పోతాయి, ఎవరెవరి కోసమో ఆగినవి కొన్ని మాత్రం నెలల తరబడి మిగిలిపోతాయి.

అలా ఆగినవాటిలో ఆర్నెల్లుగా ఆవిడ రోజూ వెతికి చూసుకునే కాగితం ఒకటుంది. పంపినది ఎక్స్‌రే గది. టైము పదీ నలభై. ఒక పేజీ. పంపింది సర్వరమ్మ సొంత అక్క.

అక్క అక్కడ పంతొమ్మిదేళ్ళుగా ఎక్స్‌రే టెక్నీషియను. ఆమె జీతంతోనే చెల్లెలు చదువుకుంది, ఆమె మాట మీదే ఈ ఉద్యోగంలో చేరింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆర్నెల్ల కిందట ఒక పెద్దాయన ఆయాసంతో వచ్చాడు, వెంట ఒక్క కూతురు. అక్క ఎక్స్‌రే తీసి చూసింది. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముద్దయిపోయి ఉంది. వెంటనే సూది గుచ్చి ఆ గాలి తీసెయ్యాలి. అది డాక్టరు చెయ్యాల్సిన పని. డ్యూటీ డాక్టరు గదికి మూడుసార్లు ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. పరిగెత్తుకుంటూ వెళ్తే తాళం వేసి ఉంది. మిగతా ఇద్దరు డాక్టర్లూ ఆపరేషన్లో ఉన్నారు. తిరిగొచ్చి, ఫిల్ములో ఏముందో, తను ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, గదికి తాళం ఉందని కూడా రాసి ప్రింటు కొట్టింది. ఆ డాక్టరు ఎక్కడున్నా దగ్గరి ప్రింటర్లో పడుతుందని నమ్మకం. కాగితం ఎక్కడా పడలేదు. డాక్టరు ఆసుపత్రిలోనే లేడు. ఆయన వచ్చేసరికి పన్నెండూ నలభై అయింది, పెద్దాయన పోయాడు. ఇక ఆ కాగితం చదవాల్సింది డాక్టరు కాదు. అందుకే అతని కోసం కూడా అది బయటికి రాలేదు.

ఆ డాక్టరు సూపరింటెండెంటు గారి అల్లుడు. తొమ్మిదింటి నుంచీ తన గదిలోనే ఉన్నాననీ, ఎక్స్‌రే గది నుంచి తనకి కబురే రాలేదనీ రాసిచ్చాడు. అక్కని ఉద్యోగంలోంచి పక్కన పెట్టి విచారణ వేశారు. ఆర్నెల్లు నాన్చి, చివరికి గురువారం పదకొండింటికి అన్నారు. కమిటీ పెద్దగా బయట్నుంచి ఒక రిటైరైన అధికారిణి వస్తోంది.

"ఆవిడ చదవాల్సిన కాగితం అది," అంది సర్వరమ్మ ఆ వారం మొదట్లో, అన్నం తింటూ. "ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే వస్తుంది చూడు. నెత్తిన నీ పేరూ టైమూ ఉంటాయి. ఇక ఎవడేం మాట్లాడతాడు?"

"వస్తే వస్తుంది," అంది అక్క.

"ఆయన కూతురుందిగా. నీతో పాటు ఆ తలుపు కొట్టింది. ఒక్కసారి పిలిచి చెప్పమంటే..."

"ఆ మాటెత్తకు." అక్క కంచంలోంచి తలెత్తలేదు. "డాక్టరు గారు ఆపరేషన్లో ఉన్నారమ్మా, అవగానే వస్తారు అని ఆ పిల్లకి నేనే చెప్పాను. వణికిపోతోంది, ఏం చెప్పను మరి? అదే నమ్మి తండ్రిని తీసుకెళ్ళింది. ఇప్పుడు పిలిచి, మీ నాన్న ఆయుష్షు తీరి పోలేదు, డాక్టరు ఊరి మీద తిరుగుతుంటే పోయాడు అని చెప్పనా? నా ఉద్యోగం కోసం?"

సర్వరమ్మ మజ్జిగ గిన్నె అక్క వైపు జరిపింది. అక్క ఒకసారి వద్దంటే వద్దనే.

సోమవారం సూపరింటెండెంటు గారు పైకి పిలిచారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నామనీ, ఎక్కించే ఏజెంటు బుధవారం వస్తాడనీ, సాయంత్రానికల్లా పాతది పీకేసి వైర్లు తీసెయ్యాలనీ చెప్పారు.

"ఒక్కరోజు ఆగి శుక్రవారం చేద్దాం సార్," అంది సర్వరమ్మ.

"ఏం, గురువారం ఏమైనా విశేషమా?"

ఆయనకి తెలుసు. విచారణ నోటీసుకి ఇచ్చిన జవాబులో అక్క ఆ కాగితం సంగతి రాసింది.

"ఇంకా బయటికి రానివి ఉంటాయి సార్ క్యూలో."

"ఉంటే చెరిపెయ్యమ్మా. ఇల్లు మారేటప్పుడు చెత్త కూడా మోసుకెళ్తామా? ఖాళీ చేసి మార్చు. అన్నీ సవ్యంగా జరిగాయని సంతకం చేసి నాకు రిపోర్టివ్వు. నీ మీద నాకు నమ్మకం ఉంది."

కిందికొచ్చి ఆ కాగితాన్ని బయటికి రప్పించాలని రెండు రోజులు నానా తంటాలూ పడింది. పాతది మొండికేసింది. డిస్కులో దాచుకున్న ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ లేవు. అక్క కూడా అందరిలాగే కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు కొట్టి, దాచకుండా మూసేసింది. సర్వరమ్మ తెర మీద వరుసని ఫోన్‌తో ఫోటో తీసుకుంది గానీ, అందులో పేరూ టైమూ ఒక పేజీ అని తప్ప ఏముంది? ఏ సెలవు చీటీయో అంటే ఏం చెప్తారు?

బుధవారం ఏజెంటు వచ్చాడు. మెడకి టై, చేతికి బ్యాగు, యాభై దాటిన మనిషి. "అందరూ క్యూ చెరిపేసే మొదలుపెడతారండి. హాయిగా ఉంటుంది," అన్నాడు.

"నేను చెరపను. ఒక్కటి కూడా పోకుండా అటు మార్చాలి."

"మార్చొచ్చు. పని ఎక్కువ."

"పని సంగతి నాకొదిలెయ్యండి."

అసలు సర్వరమ్మకి అదొక పట్టుదల. మిషన్లు ఎన్ని మార్చినా తన చేతుల మీదుగా ఒక్క కాగితం పోలేదని ఆవిడ గొప్ప. ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కూర్చుని, క్యూలో మిగిలిన నూటనలభై చిల్లర కాగితాల్నీ కొత్తదాంట్లోకి మార్చింది. నెలల తరబడి ఎవరెవరి కోసమో ఆగినవి కూడా ఆ రోజువాటితో పాటే వెళ్ళాయి. అక్కది చివర్న మార్చింది. పేరు సరిగ్గా వచ్చిందా, పదీ నలభై సరిగ్గా వచ్చిందా అని మూడుసార్లు చూసుకుంది. ఆ పక్కనే ఇంకో గడి ఉంది, ఏ ప్రింటరు అని. పాతదాంట్లో కూడా ఆ గడి ఉండేది. పన్నెండేళ్ళలో ఆ గడి చదివిన మనిషి లేడు. ఆవిడా చదవలేదు.

పెద్ద తప్పు ఇంకోటుంది. ఆగడం అనేది ఆ కాగితం గుణం అనుకుంది ఆవిడ. ఆర్నెల్లు ఆగింది, ఇంకో రాత్రి ఆగదా అనుకుంది. ఆగింది పాత సాఫ్ట్‌వేర్ అని, కాగితానికి ఆ ఓపిక లేదని ఆవిడకి తట్టలేదు. సూపరింటెండెంటుకి తెలియకుండా అక్కని గట్టెక్కించానని పొంగిపోతూ రిపోర్టు రాసి సంతకం పెట్టింది. పాత క్యూలో మిగిలినవి, ఏమీ లేవు. మార్పిడిలో పోయినవి, ఏమీ లేవు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి కొత్త సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టింది. అది చాలా బుద్ధిమంతురాలు. ఎక్కడికి పంపితే అక్కడికే. నూటనలభై చిల్లర కాగితాలూ వరసగా సూపరింటెండెంటు గారి గదిలో పడ్డాయి. సెలవు చీటీలు, వేరే ఆసుపత్రికి ఒక నర్సు పెట్టుకున్న దరఖాస్తు, పెళ్ళిచూపుల కోసం రాసుకున్న వివరాలు, ఆయన బట్టతల మీద ఎవరో అల్లిన పద్యం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతున్నాడని అటెండరు వచ్చి చెప్పేసరికి సర్వరమ్మ మెట్లెక్కి పరిగెత్తింది. లిఫ్టు కోసం ఆగే ధైర్యం లేకపోయింది.

ఆయన బల్ల పక్కన కాగితాలు తురిమే మిషను నడుస్తోంది.

"రామ్మా. నీ సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా పని చేస్తోంది," అన్నాడు. "పన్నెండేళ్ళకి నా కాగితాలు నాకొచ్చాయి."

"అందులో ఎక్స్‌రే గదిది ఒకటి..."

"ఎన్నో ఉన్నాయి. అన్నీ పనికిమాలినవి. చూశావుగా, తురిమేస్తున్నాను." మిషను ఆపి, ఆవిడ స్వెట్టరు వైపు చూశాడు. "ఖాళీ చేసి మార్చమన్నాను నిన్ను. మార్చిన రిపోర్టులో ఏమీ మిగల్లేదని రాసి సంతకం పెట్టావు. ఇప్పుడు ఏదో మిగిలిందని అంటున్నావా?"

బుట్టలో తురుము మోకాలెత్తు ఉంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. చెరిపేసి ఉంటే కనీసం ఆయన చేతికి ఇచ్చినట్టయ్యేది కాదు.

పదకొండింటికి విచారణ జరిగింది. అధికారిణి మంచి మనిషే, కానీ ముందున్న కాగితాలు చూసి మాట్లాడే మనిషి. అక్క ఆ రోజు తాను కాగితం పంపానంది. సర్వరమ్మని పిలిచారు. జరిగింది జరిగినట్టు చెప్పింది, ఫోన్లో ఫోటో చూపించింది.

"ఇందులో సమాచారం ఏముందో తెలీదు కదమ్మా," అంది అధికారిణి. తర్వాత రిపోర్టు తిప్పి చూపించింది. "మిగిలింది ఏమీ లేదని నిన్న రాసింది మీరే. ఇవాళ అక్కగారి కోసం ఉందంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

సూపరింటెండెంటు గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అల్లుడు నీళ్ళు తాగాడు. అక్క కుర్చీ చేతి మీద గోటితో గీస్తోంది. ఆ పెద్దాయన వెంట ఎవరైనా ఉన్నారా అని అధికారిణి అడిగితే, అక్క గబుక్కున "నాకు గుర్తులేదండి" అంది. అంతటితో అయిపోయింది.

శుక్రవారం పదకొండున్నరకి హెడ్ గుమాస్తా కిందికి ఫోన్ చేశాడు. కొత్తదొచ్చాక ఆయన కంప్యూటరుకి ప్రింటరు కనపడటం లేదు. పైకెళ్ళి చూస్తే తెర మీద అక్కని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఆర్డరుంది. డ్యూటీ డాక్టరు తొమ్మిది నుంచి ఒంటిగంట వరకూ తన గదిలో హాజరుగా ఉన్నప్పటికీ సదరు టెక్నీషియను ఆయనకి తెలియజేయనందువల్ల రోగి మరణించినట్టు రుజువైంది, అని.

"నా చేత్తో టైపు చేయాల్సొచ్చిందమ్మా," అన్నాడు గుమాస్తా. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. "సంతకానికి పంపాలి."

"ఒక్క పది నిమిషాలు ఆగండి."

కిందికెళ్ళింది. పాత సర్వర్ మూలన గోడకానించి ఉంది. సోమవారం పాత సామాన్లవాడు వచ్చి తీసుకెళ్తాడు. వైర్లు మళ్ళీ పెట్టి ఆన్ చేసింది. పైకొచ్చి గుమాస్తా కంప్యూటరుని దానికే కలిపింది. ఎందుకు చేస్తోందో ఆవిడకి స్పష్టంగా తెలీదు. ఈ కాగితం అక్క చదవాల్సింది మాత్రం కాదు, అందులో ఉన్నది అబద్ధమని అక్కకి తెలుసు. మరెవరు చదవాలో తేల్చడం తన వల్ల కాలేదు. బయటపడితే తన ఉద్యోగం కూడా పోతుంది. పోనీ అనుకుంది.

గుమాస్తా తెర చూసి, ఆవిడ మొహం చూశాడు. "పాతదానికి పెట్టావా?"

"పెట్టాను."

"ఏ ప్రింటరు?"

"మీ ఇష్టం."

ఆయన ఇంకేమీ అడక్కుండా మీట నొక్కాడు. గదిలో ప్రింటరు ఊరుకుంది. సూపరింటెండెంటు గారి గదిలోనూ చప్పుడు లేదు. సర్వరమ్మ కిందికెళ్ళి క్యూ ముందు కూర్చుంది. ఆర్డరు వరుసలో ఒంటరిగా ఆగి ఉంది. పావుగంట అలాగే ఉంది. పన్నెండూ పదికి మాయమైంది.

వెంటనే రిసెప్షన్ నుంచి ఫోను. "సర్వరమ్మా, ఒకసారి రా. ఇక్కడొకావిడ కేసు షీటు కాపీ కోసమని వచ్చింది. ఏదో కాగితం పడితే ఆవిడదే అనుకుని ఇచ్చాను. చదివి, కదలకుండా నిలబడిపోయింది."

ముప్ఫై ఏళ్ళ మనిషి. చంకకి బ్యాగు. తండ్రి పోయాక ఆసుపత్రికి రావడం అదే మొదటిసారట. ఇల్లు తన పేరు మీదికి మార్చుకోడానికి కాగితాలు అడిగారని వచ్చింది. సర్వరమ్మ దగ్గరికి వెళ్ళగానే ఆర్డరులో ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"గదిలో ఉన్నాడని రాశారేంటి? ఆ గదికి తాళం ఉంది. ఎక్స్‌రే ఆవిడతో పాటు నేనూ కొట్టాను తలుపు."

సర్వరమ్మ ఆ వాక్యం ఇంకోసారి చదివింది.

"ఆపరేషన్లో ఉన్నారని ఆవిడ చెప్పింది. లేడా?"

"లేడమ్మా."

"మరెక్కడున్నాడు?"

అబద్ధం చెప్పొచ్చు. అక్క అయితే చెప్పేది. "కారు సర్వీసింగుకి ఇచ్చాడట. తెచ్చుకోడానికి వెళ్ళాడు."

ఆ అమ్మాయి కాగితాన్ని కౌంటరు మీద పెట్టింది. "అందరూ చెయ్యాల్సింది చేశారు, నాన్నకి అంతే రాసిపెట్టి ఉంది అనుకున్నాను. ఆర్నెల్లు అలాగే సర్దుకున్నాను," అంది. తర్వాత కౌంటరు మీది పెన్ను అందుకుని, ఆర్డరు వెనకవైపు నిలబడే రాయడం మొదలుపెట్టింది. తాళం రంగు కూడా రాసింది.

కింద సంతకం పెట్టి, దాన్ని ఇక్కడ ఎవరి చేతికీ ఇవ్వకుండా ఆ అధికారిణి ఇల్లు కనుక్కుని వెళ్ళి ఇచ్చింది. విచారణ మళ్ళీ జరిగింది. నాలుగు నెలల తర్వాత అక్కని తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. అల్లుడు గారు ఇంతకన్నా పెద్ద ఆసుపత్రికి, ఇంతకన్నా పెద్ద కుర్చీలోకి వెళ్ళాడు. సూపరింటెండెంటు గారు అక్కడే ఉన్నారు. పాత సర్వర్ తూకానికి పోయింది. ఇప్పుడు అందరూ ప్రింటరు చూసుకుని కొడతారు.

ఉద్యోగం వచ్చిందని చెబితే అక్క సంతోషపడలేదు. "ఆ పిల్లకి తెలియకూడదనే కదే నేను నోరు మూసుకుంది," అంది. అప్పటికి చాలా రోజులుగా ఆమె చెల్లెలితో సరిగ్గా మాట్లాడటం లేదు.

మళ్ళీ చేరిన మొదటిరోజు ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. బాగా చిక్కింది, కళ్ళ కింద నల్లబడింది.

"ఆ రోజు జరిగింది మొత్తం చెప్పండి ఆంటీ. ఈసారి ఏదీ దాచొద్దు."

"పనుందమ్మా. రెండింటికి అవుతుంది."

"కూర్చుంటాను."

రెండింటిదాకా కూర్చుంది. చివరి రోగి వెళ్ళాక అక్క మిషను ఆపి, తలుపు దగ్గరికేసి, ఎదురుగా స్టూలు లాక్కుంది. ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలియక చేతులు తుడుచుకుంది.

"మీ నాన్నగారు చొక్కా విప్పడానికి మొహమాటపడ్డారమ్మా," అని మొదలుపెట్టింది.